సున్నం నిండుకుంది

ఆషాఢం, మొదటి సోమవారం

బడి తలుపు తీశాను. మూలదీపం నిలకడగా ఉంది. పిల్లలందరూ వచ్చారు. సగం మందికి ముక్కు కారుతోంది. ఒకడు పలక మర్చిపోయాడు గానీ అన్నం క్యారియరు మాత్రం మర్చిపోలేదు.

కిందిగవి నుంచి పాత సున్నపు పళ్ళాలు వచ్చాయి. మనుషులు వదిలిన గాలిని పీల్చి పీల్చి రాయిలా బిగుసుకుపోయిన సున్నం మేముండే ఈ గవులకు, ఈ గుహలకు, పనికిరాదు, బడికి మాత్రం బంగారం. పిల్లలు దాన్ని కొట్టి, నూరి, గంజితో తడిపి, వేళ్ళలా చుట్టి ఆరబెడతారు. అదే మా సుద్ద. కొత్త సున్నం మోసుకుని కిందికి దిగిన బండి, పాత సున్నం ఎత్తుకుని పైకి వస్తుంది. ఊరి ఊపిరితోనే మీరు అక్షరాలు దిద్దుతున్నారర్రా అని ప్రతి ఏడూ కొత్త పిల్లలకు చెబుతాను. ప్రతి ఏడూ వాళ్ళు ఆవలిస్తారు.

పళ్ళాల మధ్య మా చెల్లెలు సాలమ్మ ఓ మూట పెట్టి పంపింది. కొర్రబియ్యపు అరిసెలు. సాలమ్మ కిందిగవిలో గాలిమనిషి. పొద్దున్నే పళ్ళాలన్నీ తిరిగి చూసి, సున్నం ఎలా ఉందో పెద్దగవి గోదాముకు ఫోన్లో చెప్పడం దాని ఉద్యోగం. అది చెప్పిన మాటను బట్టే ఇక్కణ్ణుంచి బండి కదులుతుంది. మా అమ్మ పోయేనాటికి సాలమ్మ చంకలో పిల్ల. నేనే పెంచాను. నాకు కడుపు పండలేదు కాబట్టి అదే నా పెద్దకూతురు, దాని కూతురు ఈశ్వరి నా చిన్నకూతురు. ఈ మాట దానితో ఎప్పుడూ అనలేదు. అంటే నెత్తికెక్కి కూర్చుంటుంది.

సాయంత్రం చాటింపు వేశారు. మన గవుల్లో తవ్వే ముగ్గురాయి కొనే ఓడలవాళ్ళు ఈ ఏడు కూడా రావడం లేదట. మండలివాళ్ళు దీన్ని మందగింపు అంటున్నారు. మా అవ్వ కాలంలో కరువు అనేవాళ్ళు. శుక్రవారం ఖర్చుల సభ.

ఈ దినచర్య నెలాఖరుకు మండలి ఆఫీసుకు పోతుంది. అక్కడ ఎవరూ చదవరని నాకు తెలుసు. పోయిన నెల "బడి పైకప్పు పెచ్చులూడుతోంది, ఒక పిల్లవాడి తల పగిలింది" అని రాస్తే, కింద "చూడబడినది, సంతోషం" అని ముద్ర వేసి పంపారు. అందుకని ఇకమీదట నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

ఆషాఢం, శుక్రవారం

లెక్కల సభ్యుడు గుర్రప్ప సభ నడిపాడు. గుర్రప్పా నేనూ ఈ బడిలోనే ఒక తరగతిలో చదువుకున్నాం. పద్యం అప్పజెప్పమంటే కడుపునొప్పి అనేవాడు. ఇప్పుడు పద్యాల ఖర్చు తేల్చేవాడయ్యాడు.

మూడు ఖర్చులు మిగిలాయన్నాడు: ఫ్యాన్లు, సున్నం, బడి. ఫ్యాన్లు ఆపితే ఎంతసేపు బతుకుతామో చెప్పాడు. సున్నం ఆపితే ఎంతసేపో చెప్పాడు. బడి ఆపితే, అని అడిగి అందరి మొహాలూ చూశాడు. బడి ఆపితే ఎవరూ వెంటనే చావరు మరి. వెనకనుంచి ఒక పెద్దాయన, మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అన్నాడు. అందరూ నవ్వారు. ఆ సంపెంగ నూనెను నేనే.

బడిని మూయరట. సన్నబరుస్తారట. పదహారు నిండినవాళ్ళను వెంటనే కొలువుల్లో పెడతారు. జీతం ఎక్కువని పాత గుమాస్తాలను ఇంటికి పంపి, వాళ్ళ స్థానంలో ఈ పిల్లలు. తెలుగు వాచకం రద్దు. దాని బదులు 'పనిమాటలు' అని నాలుగువందల మాటల పట్టిక. ఒక మాటకు ఒకటే అర్థం. రెండర్థాల మాటలు నేర్పడానికి రెట్టింపు కాలం పడుతోందని ఎవరో లెక్క గట్టారు.

నేను లేచాను. పట్టికలో 'దీపం ఆరింది' అని ఉంది, ఈ గవుల్లో ఆ మాట ఎవరి నోటనైనా విన్నారా అని అడిగాను. చెడు గాలి చేరితే ముందు తెలిసేది దీపానికే కదా. అందుకే దీపం ఆరింది అనడం ఇక్కడ చావు కబురు చెప్పడమే. కొండెక్కింది అంటాం. ఏదైనా సరుకు లేకపోతే లేదు అనం. అన్నవాణ్ణి మా అవ్వ అయితే నోటిమీద కొట్టేది. ఇలాంటి అశుభం మాటలు పెద్దలు పిల్లల చెవిన పడనివ్వరు, వాళ్ళు నేర్చుకునేది వాచకంలోనే. పట్టికలో ఉన్న మాటలు జనం అనరు, జనం అనే మాటలు పట్టికలో లేవు, ఇక పిల్లలకు దేనికి పనికొస్తాయయ్యా ఇవి అని అడిగాను.

గుర్రప్ప నన్ను కోప్పడలేదు. అలసిపోయి ఉన్నాడు. "గాలి లేనినాడు నీ చదువు ఎవురు వింటారు చెప్పు ఓబులమ్మా" అన్నాడు.

దానికి జవాబు వెతుక్కుంటూనే ఇంటికి వచ్చాను. ఆ ధ్యాసలో గిన్నె మాడబెట్టాను.

శ్రావణం, బుధవారం

పనిమాటలు మొదలుపెట్టి మూడు వారాలైంది. పట్టిక గోడకు వేలాడుతోంది. 'నిండు: ఖాళీ కానిది.' 'ఎత్తు: పైన ఉన్న చోటు.' 'పంపు: ఇక్కడినుంచి అక్కడికి.' పిల్లలు చకచకా అప్పజెబుతున్నారు. చెప్పడానికి కూడా సులువే, దేవుడి దయవల్ల నేను నిద్రపోతూ చెప్పగలను.

ఇవాళ చిన్న తరగతిలో సరదాకు, దీపం కొండెక్కింది అంటే ఏమిటర్రా అని అడిగాను. అందరూ తలలు పైకెత్తి పైకప్పు కేసి చూశారు. ఒకడు, ఏ కొండ టీచర్ అన్నాడు. కడుపుబ్బ నవ్వాను. సాయంత్రం పలకలు సర్దుతుంటే మాత్రం అది నవ్వులాటగా అనిపించలేదు.

మస్తాన్‌బీ వెళ్ళిపోయింది. పదో తరగతిలో అంత చురుకైన పిల్ల ఈ పదేళ్ళలో రాలేదు. గోదాములో ఫోను బల్ల దగ్గర కొలువిచ్చారు. గవులనుంచి వచ్చే కబుర్లు విని బోర్డు మీద రాసి, బండ్లను కదిలించే పని. వాళ్ళమ్మ సంతోషంతో బడికంతా సేమ్యా పంచిపెట్టింది. వెళ్ళేముందు మస్తాన్‌బీ వాచకం తెచ్చి నా బల్లమీద పెట్టింది. రిబ్బను ముక్క గుర్తు పెట్టిన పేజీ తెరిచి చూపించింది. "జాతీయాల పాఠం కాడ ఆగినాం టీచర్. మిగిలింది ఎప్పుడు చెప్తారు?" అంది. సెలవు దొరికిన రోజున ఇంటికి రా, చెబుతాను అన్నాను. గోదాములో సెలవులు తీసేశారని ఆ తర్వాత తెలిసింది.

ఇంకో పొదుపు. గవికీ గవికీ మధ్య తలుపులు ఇదివరకు పగలంతా తెరిచి ఉండేవి. ఇప్పుడు బండి వచ్చినప్పుడే పైనుంచి తీస్తారు. ఫోన్లు కూడా ఆదివారం ఒక్క పూటే, అదీ రెండు ముక్కలు. ఈశ్వరిని చూసి నెల దాటింది.

భాద్రపదం, ఆదివారం

ఫోను వరసలో గంటసేపు నిలబడ్డాక సాలమ్మ గొంతు వినిపించింది. గొంతు బరువుగా ఉంది. పడుకున్నావా మే ఇంత పొద్దెక్కినాక కూడా అని కోప్పడ్డాను.

"తలకాయ నొస్తాందక్కా. అందురికీ అట్లనే ఉండాది. బిడ్డలు కూకున్నోళ్ళు కూకున్నట్లే నిద్రపోతాండారు" అంది.

సున్నం సంగతి చూసుకున్నావా అని అడిగాను. దానికి చిరాకు వచ్చింది. నా పని నాకు చెప్తావేందక్కా అంది. సున్నం నిండుకుందని రెండు పొద్దుల నుంచీ గోదాముకు చెబుతూనే ఉందట. అక్కడ ఫోనెత్తే పిల్ల సరే మంచిది అంటోందట, బండి దారిలో ఉండి ఉంటుందట. ఎన్ని పళ్ళాలు బిగుసుకున్నాయి అని అడిగేలోగా పక్కన నిలబడ్డ కాపలావాడు గడియారం చూపించి ఫోను తీసేసుకున్నాడు.

ఇంటికి వచ్చాక నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. గోదాము నిండా సున్నమే ఉంది. బడిని కోసింది దానికోసమే కదా. బల్ల దగ్గర ఉన్నది మస్తాన్‌బీ, పరాయి పిల్ల కాదు. ఈపాటికి బండి వెళ్ళే ఉంటుంది.

భాద్రపదం, బుధవారం

నిద్ర పట్టక పొద్దున్నే గోదాముకు వెళ్ళాను. సుద్ద కోసం వచ్చానని చెప్పాను, అదీ నిజమే. లోపల బస్తాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. మనిషి నడవడానికి సందు లేదు.

గోడమీద పెద్ద బోర్డు. తొమ్మిది గవుల పేర్లు, పక్కన చిన్న బల్బులు. కిందిగవికి ఎదురుగా పచ్చబల్బు వెలుగుతోంది. 'సున్నం: నిండు' అని మస్తాన్‌బీ గుండ్రటి అక్షరాలు. బండి వెళ్ళింది, పళ్ళాలు నింపారు అనుకున్నాను. ఎవరికి దండం పెట్టాలో తెలియక ఆ బోర్డుకే పెట్టాను.

మస్తాన్‌బీ నీలం కోటు వేసుకుని కూర్చుని ఉంది. ఒక చెవికి ఫోను, చేతిలో సుద్దముక్క. నన్ను చూసి లేవబోయింది, కూర్చోమన్నాను. "కిందిగవి ఈ వారం చానా బాగుంది టీచర్. రోజూ నిండే. మీ చెల్లెలు రోజూ అదే చెప్తాంది" అంది. దాని వెనక ఇద్దరు బండివాళ్ళు చీట్ల కోసం తొందరపెడుతున్నారు. నేను పెంచిన పిల్ల ఫోను చేస్తుంటే నేను చదువు చెప్పిన పిల్ల అందుకుంటోంది అనుకుని, కాస్త గర్వంగానే బయటికి వచ్చాను.

సుద్ద మాత్రం లేదన్నారు. కిందిగవి నుంచి పాత పళ్ళాలు రాలేదట. రేపో ఎల్లుండో వస్తాయిలే అన్నారు.

భాద్రపదం, శుక్రవారం

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ రాయాలి.

రెండో పాఠం మధ్యలో సుద్ద డబ్బాలో చెయ్యి పెడితే వేలికి పొడి తప్ప ఏమీ తగల్లేదు. సుద్ద నిండుకుంది, ఎవరైనా పక్క గదిలోంచి ఓ ముక్క పట్రండర్రా అన్నాను. ముందు వరస చౌడమ్మ లేచి వచ్చి డబ్బాలోకి తొంగి చూసింది. లోపల చెయ్యి పెట్టి తిప్పింది. నావంక జాలిగా చూసి, "నిండలేదు టీచర్. ఖాళీగా ఉండాది" అంది.

తరగతి అంతా నవ్వింది. చౌడమ్మను చూసి కాదు, నన్ను చూసి. డబ్బా ఖాళీగా ఉంటే నిండింది అంటోంది ఈ ముసలి టీచర్ అని. నేనూ నవ్వాను. నవ్వుతూనే గోడమీది పట్టిక చూశాను. నిండు: ఖాళీ కానిది.

బండి కిందికి వెళ్ళి ఉంటే పాత పళ్ళాలు రావాలి. పాత పళ్ళాలు రాలేదు. బండి వెళ్ళలేదు.

పిల్లల్ని వదిలేసి పరుగెత్తాను. యాభై దాటాక అలా పరుగెత్తగలనని నాకు తెలియదు. గోదాములో బోర్డు మీద కిందిగవి పచ్చగానే వెలుగుతోంది. ఇవాళ పొద్దున సాలమ్మ ఏమంది, సరిగ్గా ఏ మాట అంది చెప్పు అని మస్తాన్‌బీ భుజం పట్టుకుని అడిగాను. ఆ పిల్ల భయపడి చీటీ తీసి చదివింది. కిందిగవి. సున్నం నిండు. దీపాలు ఎత్తు మీద పెట్టారు.

"దీపాలు కొండెక్కినాయి అనింది టీచర్. కొండంటే ఎత్తే గదా. అందుకే అట్ల రాసినా."

నా మొహం చూసి మస్తాన్‌బీకి ఏదో అర్థమవుతోంది, పూర్తిగా కావడం లేదు.

"నిండుకుంది అంటే... నిండింది అని కాదా టీచర్?"

కాదమ్మా అన్నాను. అంతకంటే పెద్ద పాఠం చెప్పడానికి టైము లేదు. కిందిగవికి ఫోను మోగించాం. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. బండివాళ్ళు బస్తాలు ఎక్కించారు. తలుపు తీయడానికి మండలి చీటీ కావాలని కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. వాడితో ఏం అన్నానో ఇక్కడ రాయను. తలుపు తీశాడు.

భాద్రపదం, ఆదివారం

కిందిగవి ఏటవాలుగా ఉంటుంది. చెడు గాలి బరువు కాబట్టి నీళ్ళలా పల్లానికి చేరుతుంది. శుక్రవారం దిగీ దిగగానే తలుపు దగ్గరి వరసల్లో వాళ్ళను మొహాన నీళ్ళు కొట్టి లేపాం. కొందరు లేచి వాంతులు చేసుకున్నారు. కొందరు, బండి వచ్చిందా అని అడిగి మళ్ళీ పడుకోబోయారు. పల్లపు వరసల్లో వాళ్ళు లేవలేదు.

పిల్లల్ని చాలామందిని తలుపు దగ్గరి ఎత్తరుగు మీద వరసగా పడుకోబెట్టి ఉన్నారు. అక్కడ గాలి కాస్త నయం. ఈశ్వరి వాళ్ళలో ఉంది. పెద్దమ్మా అని కళ్ళు తెరిచింది. పిల్లల్నందరినీ అమ్మే మోసుకొచ్చి ఇక్కడ పడుకోబెట్టిందని, మళ్ళీ ఫోను చేసి వస్తానని కిందికి పోయిందని చెప్పింది.

ఫోను గది అన్నిటికన్నా పల్లంలో ఉంది. సాలమ్మ బల్లమీద తల పెట్టుకుని ఉంది. ఫోను చెవి దగ్గరే ఉంది. చిన్నప్పుడు లెక్కలు చేస్తూ చేస్తూ అలాగే పలకమీద పడి నిద్రపోయేది. మంచంమీద వెయ్యడానికి ఎత్తుకుంటే కళ్ళు తెరవకుండానే, అయిపోయినాయి అక్కా, అన్నీ చేసేసినా అనేది. ఇప్పుడు కూడా నేనే ఎత్తుకున్నాను.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ప్రతి పొద్దునా పిలిచింది. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. తెలుగులోనే చెప్పింది.

ఆశ్వయుజం, గురువారం

విచారణ ముగిసింది. మస్తాన్‌బీని సభ మధ్యలో నిలబెట్టారు. నువ్వు ఎందుకట్ల రాసినావు అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. ఆ పిల్ల తల ఎత్తలేదు. చివరికి ఒక్క మాట అంది. "ఆ పాఠం మాకు చెప్పలేదు సార్. ఆడికి ఆగినాం."

నేను వాచకం తీసుకెళ్ళాను. రిబ్బను ముక్క ఉన్న పేజీ తీసి గుర్రప్ప బల్లమీద పెట్టాను. ఆ పేజీ తర్వాతి పేజీలోనే రెండో వాక్యం ఉంది: ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. సభ్యులు వాచకాన్ని ఒకరినుంచి ఒకరు అందుకుని చూశారు. ఈ పేజీ మళ్ళీ చెప్పిస్తారని నాకు నమ్మకం కలిగింది. వెర్రిమొహాన్ని.

తీర్పు ఇది. నిండుకుంది, కొండెక్కింది లాంటి మాటలు ఫోన్లో అనడం ఇకమీదట నేరం. మాటలు ఎక్కువ కావడం వల్లనే పొరపాటు జరిగింది కాబట్టి పనిమాటలు నాలుగువందల నుంచి రెండువందలకు తగ్గింపు. మస్తాన్‌బీ సున్నపు బట్టీ పనికి. బల్ల దగ్గరికి ఇంకా చిన్నపిల్ల, జీతం సగం. అలా మిగిలినదంతా సున్నానికి. సున్నం ఎక్కువ కాల్చాలి కాబట్టి బట్టీకి పిల్లలు కావాలి, ఎనిమిదేళ్ళు నిండితే చాలు. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి మంచి ఉదాహరణ దొరికింది. చెప్పడానికి పాఠమే లేదు.

సభ అయ్యాక గుర్రప్ప నా వెనకే వచ్చాడు. బడి మలుపు దగ్గర ఆపాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ మాటకు అర్థం నాకు తెలీదా ఓబులమ్మా. నీ పక్క బెంచీలో కూసోనే నేర్చుకున్నా. కానీ బడికిస్తే సున్నం తగ్గుతాది. ఇంగో గవి పోతే నేనేం జెయ్యాల?"

"కిందిగవి సున్నం తక్కువై పోలేదు గుర్రప్పా. బస్తాలు గోదాములో అట్లనే ఉండినాయి" అన్నాను.

అతను చిన్నప్పుడు పద్యం రాకపోతే నిలబడ్డట్టే నిలబడ్డాడు. నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

కార్తీకం, సోమవారం

బడి తలుపు తీశాను. మూలదీపం నిలకడగా ఉంది.

మొన్న పెద్దపిల్లల్ని బట్టీకి తీసుకెళ్ళారు. నిన్న చౌడమ్మ తరగతిని. మిగిలిన పసివాళ్ళను తల్లులు ఇంట్లోనే ఉంచేసుకున్నారు, బడికి పంపితే బండివాళ్ళ కళ్ళలో పడతారని. ఇవాళ పొద్దున నా దగ్గరే ఉంటున్న ఈశ్వరి వంతు. తొమ్మిదేళ్ళు. వద్దని వెళ్ళి బతిమాలాను, వయసుల పట్టిక చూపించారు. పోతున్నా పెద్దమ్మా అంది. అట్లా అనకూడదు, పోయొస్తా అనాలి అన్నాను. నాలుక కరుచుకుని, పోయొస్తా అంది. వాళ్ళమ్మ నేర్పినవన్నీ ఈ పిల్లకు ఇంకా గుర్తున్నాయి. బట్టీలో ఆ మాటలు ఎవరితో అంటుంది?

వచ్చేదారిలో గోదాము ముందు ఆగాను. తొమ్మిది గవులకూ తొమ్మిది పచ్చబల్బులు. వాటిలో ఒకటైన పాతగవికి ఎదురుగా నిండు అని ఉంది. వాళ్ళు ఏ మాట అంటే నిండు అని రాశావమ్మా అని బల్ల దగ్గరి పిల్లను అడిగాను. ఆ పిల్ల నన్ను తేరిపార చూసింది. నా ప్రశ్నలో సగం మాటలు దాని పట్టికలో లేవు. కాపలావాడు నన్ను బయటికి నడిపించాడు. పాతగవికి నేనే నడిచిపోదామంటే తలుపు వేసి ఉంది. గుర్రప్ప ఇంటికి వెళ్ళాను, ముగ్గురాయి లెక్క తేల్చడానికి కోస్తాకు పోయాడు, నెలాఖరుకు వస్తాడన్నారు.

కాబట్టి చెయ్యగలిగింది ఒకటే మిగిలింది. ఈ నెల ఆఫీసుకు ఈ పేజీలు పంపను. ఇవి నా దగ్గరే ఉంటాయి. విడి కాగితం మీద రెండే ముక్కలు పెద్ద అక్షరాలతో రాసి పంపుతున్నాను. "బడిలో పిల్లలు నిండుకున్నారు. పాతగవి కబురు మళ్ళీ వినండి, వెంటనే రండి." ఆ ఆఫీసులో తెలుగు తెలిసినవాళ్ళు ఒక్కరు మిగిలి ఉన్నా చాలు. చదివిన వెంటనే లేచి పరుగెత్తుకు వస్తారు.

దీపం దగ్గర కూర్చుని చూస్తున్నాను.

కార్తీకం, శుక్రవారం

కాగితం తిరిగి వచ్చింది. కింద ముద్ర, ముద్ర పక్కన చిన్నపిల్ల చేతిరాత.

"చూడబడినది. బడి నిండు. పాతగవి నిండు. సంతోషం. ఇక పిల్లల్ని చేర్చుకోవద్దు."